ముప్ఫై మూడు నుంచి నలభై దాకా

లెక్కపెట్టడానికే వెళ్ళాను.
సైకిలు వెనక రిజిస్టరు, జేబులో రెండు పెన్నులు:
మంచివాటికి నీలం, పాడైనవాటికి ఎరుపు.
మలావీ సరస్సు ఒడ్డున ఆ బడికి
నిరుడు మేమిచ్చిన ఐదో తరగతి లెక్కల పుస్తకాలు ఎనిమిది.
పిల్లలు యాభై ఆరుగురు.

బీరువా తెరిపించాను.
సుద్దముక్కలు, ఫుట్‌బాల్ పంపు, బల్లిగుడ్లు.
"పుస్తకాలేవీ?"
"అవిగో, మామిడిచెట్టు కింద కూర్చున్నాయి" అంది
తమందాని టీచర్, నవ్వకుండా.

ఒక్కో పుస్తకాన్ని ఏడు ముక్కలు చేసిందావిడ.
వల అల్లే దారం, గోనెసంచి సూది,
అట్టకి సిమెంటు బస్తా కాగితం.
పిల్లకో ముక్క. సోమవారం సోమవారం చేతులు మారాలి.
నాకు ఒళ్ళు మండింది.
చెయ్యి మారిన పుస్తకం తిరిగిరాదని
మా ఆఫీసులో గట్టి నమ్మకం.

"నాలుగో పుస్తకం, లే!" అన్నాను.
ఆరుగురు లేచారు.
భిన్నమంటే ఏమిటని లింబానిని అడిగితే
"అది నా దగ్గర లేదండీ, వేజీ దగ్గరుంది."
చివరి పేజీలు యాన్ఖోవి.
వాళ్ళ భాషలో ఆ పేరుకి అర్థమే జవాబు.
గడగడా అప్పజెప్పాడు:
పదిహేడు. మూడు వందల నాలుగు. రెండున్నర.
"దేనికిరా ఇవన్నీ?"
"ప్రశ్నలు వచ్చే వారం వస్తాయండీ."

ఏడో పిల్ల అతుసాయె.
వానలు వెనకబట్టాక చేపలు ఉత్తరానికి పోయాయి,
చేపల వెంట వాళ్ళ నాన్న, నాన్న వెంట ఆ పిల్ల,
పిల్ల సంచిలో ముప్ఫై మూడు నుంచి నలభై దాకా.
అప్పట్నుంచీ నాలుగో పుస్తకానికి భాగహారం లేదు.
గుణకారం దాటి ఒక్క గెంతులో
భిన్నాల్లో పడతారు వీళ్ళు.

సాయంత్రం కమిటీ కూర్చుంది.
కోర్టులో గుమాస్తాగా చేసి దిగిన గోండ్వే గారు
"ప్రభుత్వ ఆస్తి. తాళం వెయ్యాల్సింది" అన్నారు.
"తాళం వేసినా చేప కుళ్ళుతుందయ్యా"
ఎండుచేపల గంప దించకుండానే ఒకామె.
లిలోంగ్వే నుంచి వచ్చిన కుర్రాడు ట్యాబ్లెట్లు అడగమన్నాడు.
"చార్జింగో?"
"ఎండుందిగా."
"వానాకాలంలో?"
"వానాకాలంలో బడే ఉండదుగా!"
అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు.
మూల నుంచి ఒక ముసలాయన, ఎవర్నీ చూడకుండా:
"నా మనవడు ఇంగ్లీషులో కూడుతున్నాడు,
చిచేవాలో మర్చిపోతున్నాడు."

టీచర్ వంతు వచ్చింది.
ఆవిడ ఒక నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.
"చింపకముందు ఏడుగురూ ఒకే పుస్తకం మీదకి వంగేవాళ్ళు.
ఈ పిల్ల ఎప్పుడూ ఎదురుగా కూర్చునేది.
ఏడాదంతా తలకిందులుగా చదివింది."
తొమ్మిది ఉండాల్సిన చోటల్లా ఆరు.
చక్కటి, గుండ్రటి, తప్పు ఆరు.

రాత్రి లాంతరు దగ్గర రిజిస్టరు తెరిచాను.
నీలమా? ఎరుపా?
చిరిగితే సున్నా అని నిబంధన.
ఏడు ముక్కలు ఏడు సున్నాలవుతాయా,
ఒకటే సున్నా అవుతుందా?
నన్నెవరూ ఈ లెక్క అడగలేదు ఇంతవరకు.

తెల్లారి ఉత్తరపు దారిలో,
పడవలు ఆగేచోట సైకిలు దిగాను టీ కోసం.
ఇసుకలో ఒక పిల్ల చేపలు పంచుతోంది.
నలుగురు మగాళ్ళు, నాలుగు కుప్పలు,
పుల్లతో గీతలు గీసుకుంటూ, పెదాలు కదుపుతూ.
"ముప్ఫై ఒకటి. తలా ఏడు."
"మిగిలిన మూడో?" అన్నాను, ఉండబట్టలేక.
నన్ను కింద నుంచి పైకి చూసింది.
"పడవకి."

నడుముకి చుట్టిన గుడ్డ మడతలో
సిమెంటు బస్తా రంగుదేదో కాస్త కనిపించింది.
కాగితమో, ఎండిన ఆకో.
పేరు అడగలేదు.
అడిగితే రాయాల్సి వచ్చేది.

టీ చల్లారింది.
రిజిస్టరులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది,
పై అధికారి రెండుసార్లు కబురు పెట్టాడు.